పాత స్విఫ్ట్ డీజిల్ – 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ర్యాక్ మార్చాల్సిందేనా?

కొర్లగుంట_కుర్రోడు
అన్నలకి, అక్కలకి నమస్తే. బండి 2010 స్విఫ్ట్ డీజిల్. మీటరు లక్షా నలభై వేలు దాటింది. మా మామ దగ్గర తీసుకున్నా. ఇంజన్ బంగారం, పొగ లేదు, ఏసీ కూడా బాగానే ఉండాది. బాధ ఒకటే. పనిమీద తిరుపతి నించి చిత్తూరుకి పోతా వస్తా ఉంటా. చంద్రగిరి దాటి రోడ్డు ఖాళీగా దొరికితే 80 పైకి పోతాం కదా, అప్పుడు స్టీరింగ్ సన్నగా అటూ ఇటూ వణకడం మొదలుపెడతాది. 90 దగ్గర బాగా ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీద కాణిపాకం వినాయకుడు కూడా ఊగతా ఉంటాడు. ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలీదు.

అలైన్‌మెంట్, అదే చక్రాల కోణాలు సరిచేసేది, చేయించినా, మారలా. ఇంకో షెడ్డులో చూపిస్తే స్టీరింగ్ పట్టుకుని రెండుసార్లు ఊపి, "ర్యాక్ పోయింది, మొత్తం మార్చాల" అన్నాడు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని మలిపే పళ్ల కడ్డీ అంట అది. ఇరవై వేల పైమాటే. బండికి వచ్చే రేటెంత, ర్యాక్ రేటెంత! డబ్బులు పెట్టేముందు ఇక్కడ ఒక మాట అడుగుదామని.

గాలిగోపురం_గిరి
బ్రో, ఇంకో షాపులో మళ్లీ అలైన్‌మెంట్ చేయించు. మా వ్యాగన్ఆర్‌కి దాంతోనే సెట్ అయింది.

స్టెప్నీ_సామి
గిరీ, మీ బండికి కుదిరింది అలైన్‌మెంట్ వల్ల కాదు, దాంతో పాటు ప్యాకేజీలో చేసిన బ్యాలెన్సింగ్ వల్ల అయ్యుంటుంది. అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేట్టు రిమ్ముకి సీసం ముక్కలు కొట్టడం. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచు గొరిగినట్టు అరుగుతుంది, స్టీరింగ్ నేరుగా నిలబడదు. 80లో మొదలై 90లో పెరిగే వణుకు దానిది కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది ఒకదానికి డబ్బు కట్టి ఇంకోదానికి ఎదురు చూస్తుంటారు.

కొర్లగుంట నాయనా, ర్యాక్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టు. ర్యాక్‌లో ఆట ఉంటే గుంతల్లో టకటక చప్పుడు వస్తుంది, స్టీరింగ్ వదులుగా తిరుగుతుంది. ఆ వదులు అప్పటికే ఉన్న వణుకును పెంచుతుందేమో గానీ, ర్యాక్ తనంతట తాను వణుకు పుట్టించదు. పుట్టించేది ఏదో ఒకటి తిరిగే వస్తువే. చక్రం, బ్రేక్ డిస్క్, యాక్సిల్, ఇంజన్, ఈ నాలుగింట్లో ఏదో తేల్చాలి. షెడ్డుకు పోకుండా నువ్వే తేల్చుకోవచ్చు. వీటికి జవాబు చెప్పు.

వణికేది స్టీరింగా, సీటా? స్టీరింగ్ అయితే ముందు చక్రాలు, సీటు కిందా నడుం దగ్గరా తెలిస్తే వెనక చక్రాలు.

వంద దగ్గరికి పోతే పెరుగుతుందా, తగ్గుతుందా? వందకు మించి పోవద్దు, నాలుగు లైన్ల హైవే మీద కార్లకు అదే లిమిట్.

90లో ఉన్నప్పుడు ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని న్యూట్రల్ చెయ్యి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ బూస్టర్ సాయం కూడా పోతుంది. న్యూట్రల్‌లో కూడా వణుకు అట్లే ఉంటే ఇంజన్‌నీ, దాన్ని పట్టి ఉంచే మౌంటింగులనీ వదిలెయ్యొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వణికి, కాలు తీస్తే ఆగితే యాక్సిల్‌కి గేర్‌బాక్స్ వైపు ఉండే లోపలి సీవీ జాయింట్ మీద అనుమానం.

బ్రేక్ వేస్తే ఎట్లా ఉంది? పెడల్ కాలి కింద కొట్టుకుంటుందా?

చివరిగా, టైర్లు ఎప్పటివి? టైరు పక్కన అండాకారం గీతలో నాలుగంకెలు ఉంటాయి చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

చిత్తూరు_తోతాపురి
ఇది చదివితే మా కథ గుర్తొచ్చింది. పోయిన కాయల సీజన్‌లో వాన పడ్డాక బండి తోటలోకి తోలినా. మర్నాడు పలమనేరు రోడ్డు ఎక్కితే బండి మొత్తం గజగజ. ఏదో ఇరిగిపోయిందనుకున్నా. తీరా చూస్తే రిమ్ముల లోపలి పక్క పిడికెడు పిడికెడు బంకమట్టి పట్టుకుని ఎండిపోయుంది. వాటర్ సర్వీసులో గట్టిగా కొట్టించినాక వణుకు లేదు, ఖర్చు లేదు. బయటి పక్క ఎంత మెరిసినా లోపలి పక్క చూడకుండా ఏ చక్రాన్నీ నమ్మొద్దు.

హైవే_హీరో_517
అందరూ కథలు చెప్తున్నారు. మా బ్రదర్ ఎస్టీమ్‌కి ఇదే ప్రాబ్లమ్, ర్యాక్ మార్చాకే పోయింది. ప్రాక్టికల్‌గా చెప్తున్నా.

స్టెప్నీ_సామి
ర్యాక్ మార్చేటప్పుడు దాన్ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు కొత్తవి వేశారా లేదా? చక్రాలు విప్పి ముందువి వెనక్కి బిగించారా లేదా? బ్యాలెన్సింగ్ చేశారా లేదా? అవన్నీ జరిగుంటే పోయింది దేనివల్లో మీ అన్నకు తెలియదు, మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒకేసారి నాలుగు మార్చేసి ఐదోదానికి పేరిస్తే ఎట్లా అప్పా.

హైవే_హీరో_517
ఓకే సార్, మీరే కరెక్ట్ 🙏

మెషీన్స్_మేడమ్
నేను ఇంజనీరింగ్ కాలేజీలో థియరీ ఆఫ్ మెషీన్స్ చెప్తాను. చిన్న సీసం ముక్క తేడాకి ఇంత వణుకా అని పిల్లలు ఎప్పుడూ అడుగుతారు, అందుకని లెక్క ఇక్కడ పెడుతున్నా.

ఈ స్విఫ్ట్‌కి 165/80 ఆర్14 టైరు అనుకుందాం. చుట్టుకొలత దగ్గర దగ్గర 1.95 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు సుమారు 13 చుట్లు. రిమ్ అంచున, అంటే ఇరుసుకి 18 సెంటీమీటర్ల దూరంలో, 30 గ్రాములు ఒక పక్క ఎక్కువుంటే ఆ వేగంలో అది మూడున్నర కిలోల బరువు లాగినంత బలంతో చక్రాన్ని లాగుతుంది. ఆ లాగుడు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి, సెకనుకు 13 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. అదే 45లో పోతే కిలో లోపే. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు, అందుకే ఊళ్లో తెలియదు.

ఇంకో సంగతి. సస్పెన్షన్ కింద వేలాడే చక్రానికి, దాన్ని బిగించే హబ్‌కి సొంతంగా ఒక ఊపు ఉంటుంది. కార్లలో అది మామూలుగా సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య. చక్రం తిరిగే లెక్క ఆ ఊపుతో కలిసిన చోట వణుకు పతాక స్థాయికి చేరుతుంది, దాటాక కాస్త సద్దుకుంటుంది. బలం తగ్గి కాదు, ఊపు కలవక. "వందలో బాగుంది కాబట్టి బండిలో ఏమీ లేదు" అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

సామిగారు అడిగిన ప్రశ్నల్లో న్యూట్రల్ ప్రశ్న నాకు బాగా నచ్చింది. రోడ్డు వేగం మారకుండా ఇంజన్ వేగాన్ని మాత్రం విడదీస్తుంది. ల్యాబ్‌లో మేం చేసేదీ అదే.

కొర్లగుంట_కుర్రోడు
మేడమ్ సూపర్. సామి అన్నా, నువ్వు చెప్పినవన్నీ చూసినా.

వణికేది స్టీరింగే. సీటులో తెలీదు. వంద దగ్గర కొంచెం తగ్గతాది, మేడమ్ చెప్పినట్టే. పాకాల క్రాస్ దాటి ఖాళీగా ఉన్న చోట న్యూట్రల్ చేసినా, వణుకు అట్లే ఉండాది, స్పీడు తగ్గే కొద్దీ పోయింది. తొక్కినా తీసినా తేడా లేదు.

బ్రేక్ సంగతి మాత్రం ఇంకోటి చెప్పాల. మామూలుగా బానే ఉంటాది. తిరుమల కొండకి పోయొచ్చిన రోజు మాత్రం, దిగినాక 60–70లో బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద టప టప అంటాది, స్టీరింగ్ కూడా అదురుతాది. ఆ అదురు వేరేగా ఉంటాది.

టైర్లు ముందు రెండూ 3214 అని ఉండాది. వెనకవి 2019వి.

స్టెప్నీ_సామి
అయితే నీ బండికి రెండు జబ్బులు. ఒకటి చక్రంలో, రెండోది డిస్క్‌లో. కలిపి చూస్తే అయోమయం, అందుకే షెడ్డువాడు ర్యాక్ అన్నాడు. ముందు మొదటిది తేలుద్దాం.

3214 అంటే 2014లో 32వ వారం. టైరు మీది రబ్బరు బటన్లు ఎంత మిగిలినా సరే, ఈ ఎండలకి ఆ రబ్బరు చెక్క అయిపోయుంటుంది. కానీ వయసు చూసి తీర్పు చెప్పెయ్యను. ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనకవి ముందుకి, ఏ పక్కవి ఆ పక్కే బిగించు. మళ్లీ అదే రోడ్డు మీద అదే వేగంలో పో. స్టీరింగ్ నిమ్మళించి వణుకు సీటులోకి వస్తే దొంగ చక్రంతో పాటు వెనక్కి పోయాడు. స్టీరింగే వణికితే చక్రం కాదు, హబ్, బేరింగ్, డిస్క్, యాక్సిల్ వైపు చూడాలి.

చక్రాలు విప్పినప్పుడే హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకు. పాత బండ్లలో అక్కడ తుప్పు పొర కట్టి రిమ్ సమంగా కూర్చోదు. నట్లు ఒకదాని ఎదురు ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాలి. బండి నేల మీదికి దించాక చివరి బిగింపు.

అల్లాయ్_ఆకాశ్
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాదీ స్విఫ్టే, 2012. అల్లాయ్ వీల్స్ వేయించిన దగ్గర్నుంచి 85లో వైబ్రేషన్. ఎన్ని షాపుల్లో బ్యాలెన్సింగ్ చేసినా మెషిన్ మీద సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద మాత్రం అదే కథ.

మెషీన్స్_మేడమ్
మీ బండి హబ్ మధ్య బొడిపె 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్‌లు చాలా బండ్లకు సరిపోవాలని నడిమి రంధ్రం పెద్దగా పెడతారు. 67, 73 మిల్లీమీటర్లవి కూడా ఉంటాయి. అప్పుడు చక్రం బొడిపె మీద కూర్చోదు, నట్ల మీదే వేలాడుతుంది, కొంచెం పక్కకు జరిగి బిగుస్తుంది. మెషిన్ మీద కోన్ పెట్టి మధ్యకు పడతారు కాబట్టి అక్కడ సున్నా. రంధ్రం కొలిచి, ఆ సందు పూడ్చేలా సరిపోయే హబ్ రింగులు వేయించండి. అల్లాయ్‌తో పాటు వచ్చిన నట్లే వాడుతున్నారో లేదో కూడా చూడండి. కంపెనీ స్టీల్ రిమ్ నట్ల కోణం, అల్లాయ్ సీటు కోణం ఒకటి కాకపోతే బిగిసినట్టే ఉంటుంది గానీ బిగియదు. ఇది ప్రమాదం, వాయిదా వెయ్యొద్దు.

అల్లాయ్_ఆకాశ్
రింగులు లేవు మేడమ్!! ఏ షాపులోనూ ఒక్కరూ అడగలేదు. థ్యాంక్స్.

అలిపిరి_ట్యాక్సీ
కొర్లగుంట తమ్ముడూ, ఘాట్ అదురు గురించి నేను చెప్తా. మాకు దినం అదే పని. డౌన్ ఘాట్ 1944లో వేసిన పాత రోడ్డు, మలుపు మీద మలుపు. కొత్తగా వచ్చినోళ్లు థర్డ్ గేర్‌లోనో, ఇంకా ఘోరంగా న్యూట్రల్‌లోనో దిగుతా, కాలు బ్రేకు మీద నించి ఎత్తరు. అలిపిరికి వచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. ఆ వేడి మీద టోల్ దగ్గర బ్రేకు గట్టిగా తొక్కిపట్టి నిలబడితే ప్యాడు మసాలా డిస్క్ మీద ఒక్కచోట అంటుకుంటాది. ఆ తర్వాత ఆ మచ్చ వచ్చిన ప్రతిసారీ పెడల్ టప్ అంటాది.

దిగేటప్పుడు సెకండ్ గేర్. ఇంజనే పట్టుకుంటాది. బ్రేకు మలుపుకి ముందు గట్టిగా కొంచెంసేపు వేసి వదిలెయ్యాల, సన్నగా తొక్కి పెట్టుకోకూడదు. ఘాట్ దిగేదానికి పెట్టిన టైము కన్నా ముందుగా దిగినా ఫైనే కదా, తొందర యాలప్పా. కింద ఆపినాక చక్రాల మీద నీళ్లు పోసేవాళ్లని చూసినా, ఆ పని మాత్రం చెయ్యద్దు. కాగిన డిస్క్ మీద చన్నీళ్లు పోస్తే ఇంక ఆ డిస్క్‌కి నమస్కారమే.

హైవే_హీరో_517
న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుంది కదా అన్నా?

అలిపిరి_ట్యాక్సీ
మిగలదు. గేర్‌లో ఉండి కాలు తీసేస్తే ఇప్పటి బండ్లలో డీజిల్ పోవడమే ఆగిపోతాది, చక్రాలే ఇంజన్‌ని తిప్పతాయి. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి తాగతానే ఉంటాది. ప్రాణానికి ప్రమాదం, డీజిల్‌కి నష్టం.

కొర్లగుంట_కుర్రోడు
అన్నా చక్రాలు మార్చినా. స్టీరింగ్ వెన్నలాగా ఉండాది!! ఇప్పుడు వణుకు సీటు కిందికి వచ్చింది, వెనక సీటులో మా తమ్ముడు కూర్చుంటే వానికి ఇంకా ఎక్కువ తెలస్తాంది. అంటే ముందు ఉన్న రెండు చక్రాల్లోనే ఏదో ఒకటి. రెండింట్లో ఏది?

స్టెప్నీ_సామి
చూశావా, ఇరవై వేలు జేబులోనే ఉన్నాయి.

ఇప్పుడు స్టెప్నీ తియ్యి. నీ బండికి స్టెప్నీ మిగతా వాటి సైజే. వెనక ఎడమ చక్రం తీసి అది వేసి చూడు, తర్వాత కుడి. దేని బదులు వేస్తే వణుకు పోతుందో అదే దొంగ. పేరు స్టెప్నీ_సామి అని ఊరికే పెట్టుకోలేదు, పంక్చర్ల కంటే ఎక్కువగా పరీక్షలకే వాడినా దాన్ని.

ఇంకా తీరిక ఉంటే ఇంటి దగ్గరే ఇంకో పని. సమంగా ఉన్న చోట ముందు చక్రాలకు రాయి అడ్డం పెట్టి, వెనక చక్రం జాకీతో ఎత్తు. కింద స్టాండ్ పెట్టకుండా బండి కిందికి తల పెట్టొద్దు. హ్యాండ్‌బ్రేక్ వదిలి చక్రం చేత్తో తిప్పు. టైరుకు ఎదురుగా ఇటుక పెట్టి దాని మీద స్క్రూడ్రైవర్ కదలకుండా ఉంచు, మొన టైరుకి రెండు మిల్లీమీటర్ల దూరంలో. ముందు బటన్ల వైపు పెట్టి తిప్పు, తర్వాత సైడ్ వాల్ వైపు, తర్వాత రిమ్ అంచు వైపు. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అక్కడే ఉంది. రిమ్ సమంగా తిరుగుతూ టైరు మాత్రం ఎగురుతుంటే టైరు. రిమ్మే ఊగితే రిమ్.

చక్రం గాల్లో ఉండగానే పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. కదిలితే బేరింగ్ వదులు. తర్వాత ముందు చక్రాలకు చేసేటప్పుడు పైనా కిందా కదిలితే బేరింగో బాల్ జాయింటో, పక్కలకు ఊపితే కదిలేది టై రాడ్ ఎండో ర్యాకో.

గాలిగోపురం_గిరి
సామి గారూ, బ్యాలెన్సింగ్ చేయించేస్తే సరిపోతుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

స్టెప్నీ_సామి
కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చక్రానికి కూడా సీసం పెట్టి మెషిన్ మీద సున్నా తెప్పించొచ్చు గిరీ. సున్నా వచ్చినంత మాత్రాన గుడ్డు గుండ్రంగా అవదు, రోడ్డు మీద ఎగురుతూనే ఉంటుంది.

కొర్లగుంట_కుర్రోడు
దొరికింది. ఎడమ పక్కది.

స్టెప్నీ వేస్తే వణుకు ముక్కాలు మాయం. ఆ చక్రం తీసి వాకిట్లో ఎండలో పడుకోబెట్టి చూసినా. బటన్ల మధ్య నిలువు గాడి ఉంటాది కదా, చుట్టూ నేరుగా పోతా పోతా ఒక జానెడు మేర పాము మెలికలాగా పక్కకు తిరిగి మళ్లీ దారికొచ్చింది. అక్కడ అరచెయ్యి పెట్టి రాస్తే మెత్తగా ఉబ్బు తెలస్తాది, కంటికి మాత్రం సరిగా ఆనదు. జాకీ మీద తిప్పితే ఆ చోటు వచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవర్‌కి తగిలి టిక్ మంటా ఉండాది. ఇంకో సంగతి, రిమ్ లోపలి అంచున సీసం ముక్కలు మూడు వరసగా పక్కపక్కనే కొట్టి ఉండారు.

కుడి పక్క టైరు బానే ఉండాది గానీ రిమ్ లోపలి పెదవి ఒక చోట లోపలికి నొక్కుకుంది. రేణిగుంట రోడ్డులో వానల్లో గుంతలో పడింది గుర్తుంది.

చిత్తూరు_తోతాపురి
రిమ్ముకి పుత్తూరు కట్టు వేయించు తమ్ముడూ, నలభై దినాల్లో అతుక్కుంటాది 😄

కొర్లగుంట_కుర్రోడు
ఆకు పసరు నేను తెస్తా, గుడ్డ నువ్వు తే మామా 😂

స్టెప్నీ_సామి
నవ్వులు చాలు. ఆ ఎడమ టైరుతో హైవే ఎక్కొద్దు. గాడి మెలిక తిరిగిందంటే లోపలి స్టీల్ బెల్టు రబ్బరు నించి విడిపోయింది. ఈ రోజు వణుకు, రేపు ఎండలో 90 మీద పట్ట ఊడి వస్తుంది. హైవే పక్కన పడి ఉండే నల్లటి టైరు తోళ్లలో కొన్ని అట్లా వచ్చినవే. మూడు వెయిట్లు వరసగా కొట్టినవాడికి కూడా అనుమానం రావాల్సింది. అన్ని గ్రాములు అడుగుతోందంటే టైరునో రిమ్మునో చూడకుండా సీసం కొడుతూ పోకూడదు.

2014 టైర్లు రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ మార్చెయ్. కొత్తవి వెనక వేసి, 2019వి ముందు ఉంచు. వానలో వెనక చక్రాలు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని సర్దడం కష్టం. టైరు కంపెనీలు కూడా ఇదే చెప్తాయి. 2019వాటికీ వయసు మీద పడింది, సైడ్ వాల్ పగుళ్లు చూస్తూ ఉండు.

కుడి రిమ్ స్టీల్ కాబట్టి, నొక్కు చిన్నదైతే రిమ్ సరిచేసేవాళ్ల దగ్గర సరిచేయించొచ్చు. చీలిక కనిపిస్తే మాత్రం వెల్డింగ్ మాటెత్తకుండా వేరేది తీసుకో.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు పక్కనే నిలబడు. పాత వెయిట్లన్నీ పీకాలి. రిమ్ లోపల మట్టి గీకాలి. కోన్ సరైన సైజుది పెట్టాలి. వెయిట్లు కొట్టాక మళ్లీ తిప్పి లోపలా బయటా రెండు వైపులా సున్నా చూపించమను. ఆ తర్వాత ఒక్క కోరిక కోరు. నట్టు వదులు చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమను. ఇప్పుడూ సున్నానో, ఐదు గ్రాముల అటూ ఇటో వస్తే మెషినూ బిగింపూ నమ్మొచ్చు. ఇరవై, ముప్పై చూపిస్తే అక్కడ చేసింది బ్యాలెన్సింగ్ కాదు. విసుక్కుంటాడు, పట్టించుకోకు.

లేత్_మిషన్
లేటుగా చూశా. డిస్క్ అదురు గురించి ఎవరూ పూర్తి చెయ్యలేదు. డిస్క్ "బెండ్" అయింది అని అందరం అంటాం గానీ, నిజానికి చాలాసార్లు వంగేది ఏమీ ఉండదు. హబ్ మీద తుప్పో, నట్లు ఎయిర్ గన్‌తో ఒకే పక్క లాగి బిగించడమో, వీటితో డిస్క్ వెంట్రుకవాసి పక్కకు ఊగుతూ తిరుగుతుంది. అట్లా వేల కిలోమీటర్లు తిరిగితే ప్యాడు ఆ ఊగే చోటే తాకి తాకి అక్కడ పలచన చేస్తుంది. పలచన, మందం మారే కొద్దీ పెడల్ కొట్టుకుంటుంది. ఘాట్ వేడికి ప్యాడు మసాలా అంటుకోవడం ఇంకో దారి. బ్రేకులు బాగా కాగినప్పుడే అదురు వస్తుందన్నారు కాబట్టి అదీ ఉండొచ్చు.

ఆ ఊపు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడమనండి. చాలా కార్లకు పక్క ఊపు 0.1 మిల్లీమీటరు లోపే ఉండాలి. హబ్ ముఖం శుభ్రం చేసి, డిస్క్‌ని ఒక రంధ్రం జరిపి బిగించి మళ్లీ కొలిస్తే ఒక్కోసారి అక్కడే సరిపోతుంది. లేత్ మీద వెయ్యాలంటే ముందు మైక్రోమీటర్‌తో మందం చూడాలి, కనీస మందం ఎంతో డిస్క్ మీదే పోత పోసి ఉంటుంది. తీశాక అంతకన్నా తగ్గేట్టుంటే నేనైతే పని ఒప్పుకోను, కొత్త డిస్కులే వేయించండి, రెండు పక్కలా. ప్యాడ్లు కూడా కొత్తవే.

వెనక బ్రేక్ డ్రమ్ముల అనుమానం తీరాలంటే, ఖాళీ రోడ్డు మీద 40లో హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టుకునే మెల్లగా లాగండి. అదురు రాకపోతే వెనకవి బాగున్నట్టే.

కొర్లగుంట_కుర్రోడు
టైర్లు వేసినా, కుడి రిమ్ సరిచేయించినా. సగం చుట్టు తిప్పి చూపించమంటే షాపులో అబ్బాయి నన్ను అదోలా చూసినాడు గానీ చేసినాడు, ఒక చక్రానికి పదిహేను గ్రాములు వచ్చింది, కోన్ మార్చి మళ్లీ చేసినాడు. ఇప్పుడు 90లో వినాయకుడు ధ్యానంలో ఉండాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి చూసినా, వెనక ఏమీ లేదు. కుడి పక్క డిస్క్ ఊపు ఎక్కువ ఉందన్నారు, మందం కూడా అంచుకు వచ్చేసిందంట, రెండు డిస్కులూ ప్యాడ్లూ వేయిస్తా ఉండా. అన్నీ కలిపినా ర్యాక్ రేటు కన్నా తక్కువే. అలిపిరి అన్నా, ఇంక సెకండ్ గేరే.

మదనపల్లె_బొలెరో
ఈ పద్ధతే మా బొలెరోకి పనికొస్తుందా? 70 దాటితే సీట్లు, ఫ్లోరు సన్నగా జివ్వుమంటాయి. చక్రాలు ముందూ వెనకా మార్చి చూశాం, తేడా లేదు.

మెషీన్స్_మేడమ్
మీది వెనక చక్రాలు తోసే బండి, మధ్యలో ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌లో వేగం తగ్గుతుంది కాబట్టి ఆ షాఫ్ట్ చక్రం కంటే కొన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. అందుకే అది ఊపులా కాక జివ్వుమని తెలుస్తుంది. యూనివర్సల్ జాయింట్లలో ఆట ఉందా, షాఫ్ట్‌కు అతికించి ఉండే బరువు పట్టీ ఊడిందా, ఎప్పుడైనా విప్పి గుర్తు పెట్టుకోకుండా బిగించారా చూడండి. కొత్త అంశంగా పెడితే అక్కడ మాట్లాడదాం, ఇది కొర్లగుంట వారిది.

స్టెప్నీ_సామి
కొర్లగుంట నాయనా, ఆ ఎడమ పక్క పాత టైరు ఏం చేశావు? డిక్కీలో స్టెప్నీగా వేసుకోలేదు కదా?

కొర్లగుంట_కుర్రోడు
షాపులో ఎక్స్‌ఛేంజ్ అడిగినారు అన్నా, ఇయ్యలేదు. ఎవరి బండికైనా మళ్లీ అమ్మేస్తారని. ఇంటికి తెచ్చి సైడ్ వాల్ రెండు పక్కలా రంపంతో కోసేసినా. 2014వి రెండోది మాత్రం షాపోడే పెట్టుకున్నాడు.

స్టెప్నీ_సామి
దాన్ని కూడా కోసి రావాల్సింది.